నాన్న పొట్ట ఆపరేషన్ పుండు త్వరగా మానడానికి ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ పనిచేస్తాయా?

తెనాలి అబ్బాయి

అందరికీ నమస్కారం. మాది తెనాలి పక్కన పల్లె. నాన్నకి 63 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్ ఉంది. పెద్దపేగులో గడ్డ ఉందని పోయిన గురువారం గుంటూరులో ఆపరేషన్ చేశారు. చిన్న రంధ్రాలతో కుదరదని పొట్ట కోసే చేయాల్సి వచ్చింది. బొడ్డు పైనుంచి కిందిదాకా జానెడు పైన గాటు, 26 పిన్నులు. పక్కన కూర్చుని నేనే లెక్కపెట్టాను. నిన్న, ఏడో రోజున, ఇంటికి పంపించారు.

డిశ్చార్జి కాయితంలో యాంటీబయోటిక్, గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర, ఇన్సులిన్‌తో పాటు రోజుకి రెండు ప్రోబయోటిక్ (పేగుకి మంచి చేసే సూక్ష్మజీవుల) క్యాప్సూల్స్ పదిహేను రోజులు వాడమని రాశారు. ఎందుకని అడిగితే "యాంటీబయోటిక్‌తో పాటు ఇస్తాం" అన్నారంతే. డల్లాస్‌లో ఉండే మా పెద్దనాన్న కూతురు ఫోన్ చేసి, వాటికంటే లాక్టోబాసిల్లస్ రూటెరై అని ఒక రకం ఉందనీ, అది తింటే గాయాలు సగం రోజుల్లో మానతాయని పరిశోధనలో తేలిందనీ, వచ్చే వారం ఇక్కడికి వచ్చేవాళ్లతో సీసా పంపిస్తాననీ అంటోంది.

ఇంట్లో చూస్తే అమ్మ పథ్యం. పెరుగేస్తే నెమ్ము చేరుతుంది, పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డూ అంతే, వంకాయ అసలు వద్దు. నాన్న మూడు పూటలా మెత్తటి అన్నంలో బీరకాయ కూర, మిరియాల చారు తింటున్నారు. "పెరుగే వద్దంటుంటే, ఆ బిళ్లల్లో ఉన్నవీ పెరుగులో పురుగులే కదరా?" అని అమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఈ క్యాప్సూల్స్ వల్ల పుండు నిజంగా త్వరగా మానుతుందా? డల్లాస్ సీసా తెప్పించుకోవాలా? యాంటీబయోటిక్ వేసుకున్న వెంటనే వేస్తే అవి చచ్చిపోవా? తెలిసినవాళ్లు చెప్పండి.

అన్నట్టు, ఇవాళ పొద్దున పట్టీ కింది భాగం తడిసి ఉంది. లేత గులాబీ రంగు నీరు, వాసనేం లేదు. లుంగీకి కూడా మరకైంది. కొత్త కుట్లకి మామూలే కదా అని పైన ఇంకాస్త దూది పెట్టి ప్లాస్టర్ వేశాం.

వార్డు సిస్టర్

తమ్ముడూ, క్యాప్సూల్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు చివర్లో "అన్నట్టు" అని రాశావే, నాకు కావాల్సింది ఆ మాట.

నేను 24 ఏళ్లు సర్జరీ వార్డులో చేశాను, ఎక్కువ భాగం రాజమండ్రిలో. పొట్ట ఆపరేషనైన ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య, అప్పటిదాకా పొడిగా ఉన్న పట్టీ ఉన్నట్టుండి లేత గులాబీ నీటితో తడిస్తే, దాన్ని మేం మామూలు అనుకోం. పైన పిన్నులు చక్కగా ఉన్నా లోపలి గట్టి పొర కుట్టు విడిపోతోందేమో అని ముందు అనుమానిస్తాం. అది కాకపోవచ్చు. చర్మం కింద చేరిన నీరు కావచ్చు, మొదలవుతున్న చీము కావచ్చు. ఏదన్నది సర్జన్ చేత్తో చూసి చెప్పాలి, ఇంట్లో తేలదు.

నా సర్వీసు మొదట్లో ఒక పెద్దాయన, ఇలాగే ఎనిమిదో రోజు. పొద్దున పంచె మార్చేటప్పుడు ఆయన భార్య "ఒంటికి పోసుకున్నాడేమో, తడిగా ఉంది" అంది. నేను వంగి చూశాను. పంచె మీద మరక ఎర్రగా లేదు, పసుపుగా లేదు, రోజా పూలు నానబెట్టిన నీళ్లలా ఉంది. డాక్టర్‌కి రౌండ్స్‌లో చెబుదామని పక్క మంచం దగ్గరికి వెళ్లాను. పది నిమిషాలకి ఆయనకి దగ్గు వచ్చింది. ఆ తర్వాత జరిగింది రాయను. ఆయన బతికారు, రెండోసారి థియేటర్‌కి వెళ్లి, మూడు వారాలు మంచంలో ఉండి. ఆ రోజు నుంచి గులాబీ నీరు అంటే నేను రౌండ్స్ దాకా ఆగలేదు.

కాబట్టి ఇప్పుడే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. ఇవాళే తీసుకెళ్లు, రేపు ఓపీకి అని ఆగకు. నాన్నని బస్సు ఎక్కించొద్దు. దగ్గొస్తే పొట్టకి దిండు అదిమి పట్టుకోమను. వాళ్లు చూసేదాకా తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకు. ఇన్సులిన్ ఎంత వెయ్యాలో, అసలు వెయ్యాలో వద్దో ఆ ఫోన్‌లోనే అడుగు. ఒకవేళ కుట్టు తెరుచుకుని లోపలిది బయటికి కనపడితే, చేత్తో లోపలికి తొయ్యొద్దు. శుభ్రమైన గుడ్డని సెలైన్‌లో తడిపి మీద కప్పి, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యి.

చూపించాక ఇక్కడ రాయి. నేను చూస్తుంటాను.

తెనాలి అబ్బాయి

సిస్టర్ గారూ, మాట్లాడాను. వెంటనే తీసుకురమ్మన్నారు. పక్కింటి వాళ్ల కారులో బయల్దేరుతున్నాం.

పెట్రీ పళ్లెం

ముందు నాన్నగారికి ఏం కాకూడదని కోరుకుంటున్నాను. మీరు తిరిగొచ్చాక చదువుకుంటారని రాస్తున్నాను. నాది విశాఖ, సూక్ష్మజీవులు చదువుకుని పుణేలో ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను, ప్రయోగాల సంగతి వరకే చెబుతాను.

మీ అక్క చెప్పింది గాలి మాట కాదు. 2013లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు ఎలుకలకి తాగే నీళ్లలో రూటెరై కలిపి ఇచ్చి, చర్మం మీద చిన్న గాయం చేసి చూశారు. అది తాగిన ఎలుకలకి దాదాపు సగం కాలంలోనే మానింది. ఎలా అని వెతికితే ఆక్సిటోసిన్ దగ్గర తేలింది. కాన్పులో, బిడ్డకి పాలివ్వడంలో పనిచేసే హార్మోనే. ఆక్సిటోసిన్ తయారుకాని ఎలుకలకి అదే నీళ్లు పోస్తే ఆ లాభం రాలేదు. పేగుకీ మెదడుకీ మధ్య ఉండే వేగస్ నరాన్ని కోసేసినా రాలేదు. పేగులో ఉన్న ఒక సూక్ష్మజీవి, నరం ద్వారా మెదడుకి కబురు పంపి, వీపు మీది పుండుని మాన్పిస్తోంది! మొదటిసారి చదివినప్పుడు నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఇప్పటికీ నాకు చాలా ఇష్టమైన ప్రయోగం అది.

కానీ ఎలుక చర్మం మన చర్మం లాంటిది కాదు. దాని కింద పలచటి కండర పొర ఒకటి ఉంటుంది. గాయమైతే ఆ పొర అంచుల్ని దగ్గరికి లాగేస్తుంది, సంచి మూతికి తాడు బిగించినట్టు. మనకి ఆ సదుపాయం లేదు. పుండు తెరుచుకుంటే అడుగు నుంచి కొత్త కండ పుట్టుకొచ్చి, దాని మీద అంచుల నుంచి చర్మం పాకాలి. ఆ చిన్న గాయానికీ, షుగర్ ఉన్న మనిషి పొట్ట మీది జానెడు గాటుకీ మధ్య చాలా దూరం ఉంది. ఆ సీసా కోసం ఎదురుచూడాల్సిన పని లేదని నా అభిప్రాయం.

పేగు ఆపరేషన్ల విషయంలో మనుషుల మీద చేసిన ప్రయోగాలు వేరే ఉన్నాయి. 2015లో గ్రీస్‌లో థెస్సలోనికీ డాక్టర్లు ప్రచురించినది చూడండి. పెద్దపేగు ఆపరేషన్‌కి వచ్చినవాళ్లలో 84 మందికి నాలుగు రకాల ప్రోబయోటిక్ కలిపిన క్యాప్సూల్, 80 మందికి ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చారు. ఉత్తుత్తిది తీసుకున్నవాళ్లలో 20 శాతం మందికి కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ వస్తే, ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో 7 శాతం మందికే వచ్చింది. తేడా అంతలా కనపడటంతో ప్రయోగాన్ని ముందుగానే ఆపేశారు. అందులో రూటెరై లేదు. పైగా మందు మొదలుపెట్టింది ఆపరేషన్‌కి ముందురోజు. అక్కడి నుంచి తర్వాత పదిహేను రోజులు.

ముందురోజు ఎందుకంటే, పేగు కోసినప్పుడు పుండుని చెడగొట్టేవి ఎక్కువగా ఆ మనిషి పేగులో ఉన్నవే. ఈ.కోలై, బ్యాక్టీరాయిడ్స్ లాంటివి. మోకాలి ఆపరేషన్‌లో అయితే ప్రమాదం చర్మం మీది స్టెఫిలోకాకస్‌తో. అందుకే ప్రోబయోటిక్ ఆలోచన పేగు సర్జరీకి బాగా అతుకుతుంది. కోత పడేలోపే లోపల మంచివాటికి చోటు దొరకాలి. ఆ తర్వాత వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసినా పేగు ఆపరేషన్లలో ఇన్‌ఫెక్షన్లు తగ్గుతున్నట్టే ఉంది గానీ, ఒక్కొక్కరు ఒక్కో రకం, ఒక్కో మోతాదు వాడారు. ఒకదాన్ని చూపించి "ఇదే వాడండి" అనలేం. ఇంకో మాట. వీటిల్లో కొలిచింది ఇన్‌ఫెక్షన్ వచ్చిందా రాలేదా అని. పుండు ఎన్ని రోజుల్లో మానింది అన్నది వేరే ప్రశ్న. మీ అక్క రెండూ ఒకటే అనుకుంటోంది.

"మంచి సూక్ష్మజీవులే కదా, ఎన్ని వేసినా నష్టమేంటి" అనేవాళ్ల కోసం నెదర్లాండ్స్ సంగతి కూడా రాయాలి. క్లోమం తీవ్రంగా వాచి ఆసుపత్రిలో చేరినవాళ్లకి ట్యూబ్ ద్వారా ప్రోబయోటిక్ ఇచ్చిన ప్రయోగం, 2008లో బయటికొచ్చింది. ప్రోబయోటిక్ తీసుకున్న 152 మందిలో 24 మంది చనిపోయారు. తీసుకోని 144 మందిలో 9 మంది. పేగుకి రక్తం అందక పాడైన 9 మందీ ప్రోబయోటిక్ గుంపులోనివాళ్లే. నాన్నగారి జబ్బు అది కాదు, మీరు భయపడక్కర్లేదు. కానీ డాక్టర్ రాసిన దాని మీద ఇంకోటి మనంతట మనం చేర్చకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అమ్మగారి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఇంట్లో తోడేసిన పెరుగులోనూ లాక్టోబాసిల్లస్ జాతివి ఉంటాయి, నిజమే. అయితే ఏ రకాలున్నాయో, ఎన్నున్నాయో ఒక ఇంటి తోడుకీ ఇంకో ఇంటి తోడుకీ పోలిక ఉండదు. క్యాప్సూల్‌లో రకం తెలుసు, లెక్క తెలుసు. అందుకే పెరుగుని మందు అనలేం. తిండిగా మాత్రం దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. పుండులో చీము పట్టేది పెరుగులోని వాటివల్ల కాదు.

హన్మకొండ మెడికల్ షాపు

తమ్మీ, నేను ఇరవై ఏండ్ల సంది మందుల దుకాణం నడుపుతున్న. యాంటీబయోటిక్‌తోని ఎట్ల వెయ్యాలె అని అడిగినవ్ కదా, అది చెప్త.

ముందు ఆ గోలీల పత్తా వెనక్కి తిప్పి చూడు. పేరు పెద్ద అక్షరాలల్ల ఉంటది, లోపల ఏమున్నదో చిన్న అక్షరాలల్ల ఉంటది, మనకు కావాల్సింది చిన్నదే. లాక్టోబాసిల్లస్, బిఫిడో అని ఉంటే అవి యాంటీబయోటిక్‌కు చస్తయి. రెండు గంటలు తేడా పెట్టి వెయ్యి. బాసిల్లస్ క్లాసి, బాసిల్లస్ కోయాగ్యులన్స్ అని ఉంటే అవి గింజ లెక్క పెంకు కట్టుకొని ఉంటయి, కడుపుల యాసిడ్‌కు కూడ ఓర్చుకుంటయి. మన హైదరాబాద్ సాన్‌జైమ్ వాళ్లు తెచ్చిన స్పోర్‌లాక్ అసొంటిదే. సాకరోమైసిస్ బౌలార్డై అని ఉంటే అది బ్యాక్టీరియా కాదు, ఈస్టు. యాంటీబయోటిక్ దాన్ని ఏం చెయ్యదు. ఫంగస్ మందు వేస్తే మాత్రం చస్తది.

ఈస్టు ఉన్నదైతే ఒకటి యాది పెట్టుకో. మెడల పెద్ద లైన్ (పెద్ద నరంలకు వేసే మందుల పైపు) వేసి ఉన్న పేషెంట్‌కు, రోగనిరోధక శక్తి బాగ పడిపోయినోళ్లకు అది ఇయ్యద్దు. క్యాప్సూల్ విప్పి పొడి కలిపేటప్పుడు గాలికి లేచి ఆ లైన్ల పడి నెత్తుట్లకు పోతది. యూరప్‌ల 2017ల ఈ సంగతే హెచ్చరిక చేసిన్రు. గడ్డ రిపోర్టు వచ్చినంక మీ నాయినకు కీమో పెడతరేమో, అప్పుడు డాక్టర్‌ను అడగకుండ పాత పత్తా తీసి వెయ్యకుండ్రి. మా దగ్గర చానా మంది అట్లనే చేస్తరు, పోయిన చీటీ పట్టుకొచ్చి "గివే ఇయ్యి" అంటరు.

వేడి వేడి జావల, చాయ్‌ల కలపకు, సచ్చి ఊకుంటయి. చల్లారిన నీళ్లతోని వెయ్యి.

తెనాలి అబ్బాయి

రెండు రోజులైంది, ఇప్పటికి కూర్చుని రాయగలుగుతున్నాను.

సిస్టర్ గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. మేం వెళ్లేసరికి నాన్న బనీను కూడా తడిసిపోయింది. సర్జన్ గారు డ్రెస్సింగ్ రూములో కింది నాలుగు పిన్నులు తీశారు. తీయగానే అర గ్లాసు నీరు జారింది, మొదట గులాబీగా, తర్వాత మబ్బుగా. గ్లవుజు వేసుకుని వేలు లోపలికి పెట్టి చాలాసేపు తడిమి చూశారు. నేను ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. "లోపలి పొర గట్టిగానే ఉంది, చర్మం కింద ఇన్‌ఫెక్షన్" అన్నారు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చడానికి నీరు కల్చర్‌కి పంపారు. ఇవాళ రిపోర్టులో ఈ.కోలై అని వచ్చింది, దాన్నిబట్టి యాంటీబయోటిక్ మార్చారు. పెట్రీ పళ్లెం గారు రాసిన పేరే అక్కడ కనపడింది. ఆ నాలుగు పిన్నుల చోటు తెరిచే ఉంచి రోజూ సెలైన్‌తో కడిగి గాజుగుడ్డ పెడుతున్నారు. పొట్టకి బెల్టు వేశారు.

వెళ్లగానే షుగర్ చూస్తే 274 ఉంది. ఇంట్లో మేం ఒక్కసారి కూడా చూడలేదు. ఇన్సులిన్ వేస్తున్నాం కదా అనుకున్నాం. ప్రోబయోటిక్ గురించి అడిగితే "పాత డోసే కొనసాగించండి, ఇంకేం కలపొద్దు" అన్నారు. ఆపరేషన్ ముందు ఇవ్వలేదేం అని అడగాలనిపించింది గానీ అడగలేదు. ఇక నుంచి ఇంట్లో ఏం చూసుకోవాలో చెప్పండి.

వార్డు సిస్టర్

లోపలి పొర గట్టిగా ఉందన్నారు కదా, నాకూ ప్రాణం కుదుటపడింది. ముందు ఇవ్వలేదేం అన్నదాని గురించి బాధపడకు. గాట్లు చెడకుండా ఏం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో 29 సిఫారసులు రాసింది. వాటిలో షుగర్ అదుపు ఉంది, ప్రోబయోటిక్ లేదు. ఇవ్వకపోవడం తప్పు కాదు.

షుగర్ 200 దాటితే తెల్లకణాలు సరిగ్గా పనిచేయవు. సూక్ష్మజీవిని చూసి కూడా మింగలేవు. 274తో ఏ క్యాప్సూల్ వేసినా ఏం లాభం చెప్పు? డాక్టర్ చెప్పినన్నిసార్లు వేలు పొడిచి చూసి, టైముతో సహా కాయితం మీద రాసి ఓపీకి తీసుకెళ్లు. డాక్టర్‌కి నీ మాట కంటే ఆ కాయితం ఎక్కువ ఉపయోగం.

ఇక తిండి. ఇదే నాకు కడుపు మండే సంగతి, ఇన్నేళ్లూ వార్డులో దీనితోనే పోరాడాను. నాన్న బరువు 60 కిలోలనుకుందాం. కిడ్నీలు బాగుంటే, కిలోకి గ్రామున్నర లెక్కన రోజుకి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అన్నం, బీరకాయ, చారు కలిపి ముప్పై గ్రాములకి రావడం కష్టం. కొత్త కండ దేంతో పుడుతుంది? ఒక గుడ్డులో 6 గ్రాములు, కప్పు పప్పులో ఏడెనిమిది, వంద గ్రాముల చికెన్‌లో పాతిక. అమ్మ చీము పడుతుందని పక్కన పెట్టినవన్నీ పుండు అడుగుతున్నవే. పేగు కుట్టారు కాబట్టి ఒకేసారి ముద్దపప్పు మీద పడకండి, ఉబ్బరం చేస్తుంది. ముందు పెసరకట్టు, మజ్జిగ, ఉడికించిన గుడ్డు. ఎప్పుడు ఏది మొదలుపెట్టాలో ఓపీలో అడిగి పెంచండి.

అమ్మని తప్పుపట్టకు. ఆమె భయమంతా ప్రేమే. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఆమెని పక్కన నిలబెట్టు. తెరిచిన చోట అడుగున పసుపు పూత పోయి, ఎర్రగా, దానిమ్మ గింజలు పరిచినట్టు కనపడుతుంది ఒక రోజు. అదే కొత్త కండ. అది పెరగడం కళ్లారా చూసిన తల్లి మళ్లీ గుడ్డు వద్దనడం నేను చూడలేదు. పాలిపోయి నీరసంగా ఉందంటే తిండి చాలట్లేదని.

పిన్నులన్నీ తీశాక కూడా తొందరపడి బిందెలు, బస్తాలు ఎత్తనివ్వకు. పైన మానినట్టు కనపడినా లోపల బలం నెలల తరబడి నెమ్మదిగా వస్తుంది, ఎంత మానినా పాత బలంలో 80 శాతం దాటదు. జ్వరం వచ్చినా, చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, వాసన వచ్చినా, మళ్లీ గులాబీ నీరు కనపడినా ఇక్కడ అడగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లు.

తెనాలి అబ్బాయి

సిస్టర్ గారు రాసిందంతా అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. పొద్దున లేచేసరికి స్టవ్ మీద రెండు గుడ్లు ఉడుకుతున్నాయి. మజ్జిగ మటుకు నీళ్లగా చేసి, సొంఠి వేసి ఇచ్చింది, ఇది కూడా ఒప్పుకోండి అంది. నాన్న వారం తర్వాత మజ్జిగ తాగి, గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడిగారు.

పొద్దున షుగర్ 168. క్యాప్సూల్స్ పత్తా తిప్పి చూశాను, లాక్టోబాసిల్లస్, బిఫిడోనే ఉన్నాయి, అందుకని యాంటీబయోటిక్‌కి రెండున్నర గంటలు తేడా పెట్టాను. డల్లాస్ అక్కకి సీసా వద్దని చెప్పాను. అయితే ఆ డబ్బు పంపిస్తానంది, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు రెండు డబ్బాలు కొన్నాను. రేపటి డ్రెస్సింగ్‌కి అమ్మ కూడా వస్తోంది.